ముప్పై ఒకటో పని

మార్చి 3, సోమవారం

ఇవాళ తమ్ముడి పేరు ఫిజియోథెరపీ ట్రయల్‌లో రాయించాను. సంతకం వాడిదే ఉండాలన్నారు. కుడి చేతిలో పెన్ను నిలవలేదు. ఎడమ చేత్తో ఒక గీత గీశాడు. పక్కన సాక్షిగా నా సంతకం.

పక్షవాతం వచ్చి ఏడు నెలలు. కుడి వైపు పడిపోయింది. కాలు కొంత తిరిగి వచ్చింది, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని నడుస్తాడు. చెయ్యి రాలేదు. వేళ్ళు కాస్త విచ్చుకుంటాయి, అంతే. ఆ కాస్త ఉన్నవాళ్ళనే తీసుకుంటారట.

మాటల్లో రెండే మిగిలాయి. ఒకటి అక్కా. రెండోది బూతు, ఇక్కడ రాయను. మంచినీళ్ళకూ అదే, ఫ్యాను వేయమనడానికీ అదే. కోపంతో అలవాటైన మాటలు ఆఖరుకు మిగులుతాయని డాక్టరు చెప్పాడు.

వాడు డెంటల్ ల్యాబ్‌లో పళ్ళు చేసేవాడు. వాడి చేతిపని కోసం పెద్ద డాక్టర్లు వారాల తరబడి ఆగేవారు. వాడి భార్య, మా మరదలి ముందు పన్ను కూడా వాడు చేసిందే. బాత్రూంలో జారిపడినప్పుడు విరిగింది. పక్క పళ్ళ రంగులో ఎంత కలిసిపోయిందంటే, ఏది పుట్టినదో ఏది పెట్టినదో పోల్చలేం. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అలాంటి చెయ్యి ఒళ్ళో చచ్చుగా పడి ఉంటే చూడలేకపోతున్నాను.

అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. పెంచింది నేను. ఇప్పుడూ నేనే.

మార్చి 5, బుధవారం

ఫిజియో అమ్మాయి ఇంటికి వచ్చి అంతా వివరించింది. చదువూ పరిశోధనా కలిపి చేస్తోంది, నవ్వు ముఖం. బాగున్న చేతిని కట్టేస్తాం ఆంటీ, పడుకున్నదాన్ని లేపుతాం, ఇంతకన్నా ఏం లేదు అంది. వాడని చేతిని మెదడు మరిచిపోతుందట. బాగున్న చెయ్యి అందుబాటులో ఉన్నంతకాలం మనిషి దానితోనే కానిచ్చేస్తాడట. పద్నాలుగు రోజులు, మేలుకుని ఉన్న వేళంతా ఎడమ చేతికి తొడుగు. రోజుకు ఇన్ని గంటలని కుడి చేతికి కసరత్తు.

ఎంతమంది మీద చూశారు, ఎన్నాళ్ళు చూశారు అని అడిగాను. ఆశ్చర్యపోయింది. ఆసుపత్రి రికార్డు గదిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నానని చెప్పాను. కాగితాలు ఇచ్చి వెళ్ళింది. అన్నీ చదివాను. చెయ్యి కదలిక పెరిగిందని చాలాచోట్ల ఉంది. ఆరు నెలల తర్వాత అది నిలుస్తుందా అన్నది గట్టిగా తేలలేదు. ఇంట్లోవాళ్ళే చేయిస్తే ఎంత నిలుస్తుందో చూడడానికే ఈ ట్రయల్.

ఒక ఫారమ్ ఉంది. ముప్పై పనులు. లైటు వేయడం, సొరుగు లాగడం, తల దువ్వుకోవడం, చెంచాతో తినడం, ఇలా. ఒక్కో పనికి సున్నా నుంచి ఐదు. అసలు వాడకపోతే సున్నా. జబ్బుకు ముందులాగే చేస్తే ఐదు. రోజూ నేను నింపాలి. ఆసుపత్రికి సెలవు పెట్టాను.

చెయ్యి మొత్తం వచ్చేస్తుందా అని మరదలు ఆ అమ్మాయిని మూడుసార్లు అడిగింది. పాపం, ఎంత ఆశ.

మార్చి 10, సోమవారం. మొదటి రోజు

ఉదయం ఏడున్నరకు తొడుగు వేశాను. పొయ్యి మీంచి గిన్నెలు దించే గుడ్డ తొడుగులా ఉంటుంది, ఇంకా మందం. వేళ్ళకు విడివిడి అరలు లేవు. మణికట్టు దగ్గర పట్టీ. నడిచేటప్పుడు, స్నానానికి, నిద్రకు తీయాలి.

చెంచా కుడి వైపు పెట్టాను. యాభై నిమిషాలు పట్టింది. నోటిదాకా చేరింది రెండుసార్లు. మిగతాది ఒళ్ళోకి, నేల మీదికి. సాయం పట్టకూడదు. పట్టలేదు. వాడు ఏడ్చాడు. ఎదురుగా కూర్చుని మనసులో ప్రార్థన చేసుకున్నాను. చల్లబడ్డాక గిన్నె తీసేశాను.

మరదలు వంటింటి గుమ్మంలోంచి, మీది గుండా బండరాయా వదినా అంది.

రూలు ఇది అన్నాను.

చెంచాతో తినడం, 1. ముఖం తుడుచుకోవడం, 1. మిగతావన్నీ 0.

మార్చి 11, మంగళవారం

బొత్తాం విప్పుకునేలోపే ప్యాంటు తడిపేసుకున్నాడు. నేను గడియారం చూస్తూ తలుపు దగ్గర నిలబడ్డాను. పదకొండు నిమిషాలు. బొత్తాం మాత్రం చివరికి విప్పాడు. 1 వేశాను.

మార్చి 12, బుధవారం

పేకముక్కలు తిప్పడం, గ్లాసు మీద గ్లాసు పెట్టడం, పళ్ళెంలో బటాణీలు ఏరడం. కోపం వచ్చి తొడుగు చేత్తో బల్ల మీద గుద్దాడు. బటాణీలు ఇల్లంతా దొర్లాయి. ఒక్కొక్కటీ కుడి చేత్తోనే ఏరించాను. గంటన్నర.

పక్కింటావిడ కిటికీలోంచి చూసి, బాక్సింగుకు తయారుచేస్తున్నారా ఏమిటి అక్కగారూ అని నవ్వింది. మరదలు నవ్వలేదు.

మార్చి 13, గురువారం

మందులు తేవడానికి వెళ్ళి పదకొండింటికి వచ్చాను. తొడుగు మంచం కింద ఉంది. వాడి మెడ చుట్టూ తువ్వాలు. మరదలు తినిపిస్తోంది. వాడు నోరు తెరుస్తున్నాడు, ఆమె పెడుతోంది, మూతి తుడుస్తోంది. కుడి చేతిని శాలువాలో చుట్టి పెట్టింది. చలేస్తుందనట. పక్కింటావిడ కుర్చీలో కూర్చుని, ఈ రోజుల్లో ఇంత ఓర్పు ఉన్న ఇల్లాలు ఎక్కడ దొరుకుతుందండీ అంటోంది.

ఆవిడ వెళ్ళేదాకా ఆగి మరదల్ని మందలించాను. నీ జాలే వాడికి శత్రువు అన్నాను. ఆమె తలదించుకుని, ఆకలికి అల్లాడుతుంటే చూస్తూ ఎలా ఉంటాను వదినా, మీకు దేవుడున్నాడు, నాకున్నది ఈయనొక్కడే అంది.

నాకు కళ్ళు చెమర్చాయి. ఫారమ్‌లో మాత్రం ఇవాళ తొడుగు మూడు గంటలు తీసి ఉందని రాశాను.

మార్చి 14, శుక్రవారం

మళ్ళీ తీసింది.

మార్చి 15, శనివారం. ఆరో రోజు

పట్టీని గుడ్డకు కలిపి కుట్టేశాను. పన్నెండు కుట్లు. నడకకూ స్నానానికీ విప్పాను, మళ్ళీ కుట్టాను. కుడుతున్నంతసేపూ వాడు తన రెండో మాట అంటూనే ఉన్నాడు. సూది తగలకుండా జాగ్రత్తగా కుట్టాను. మరదలు ఆ దారాన్నే చూస్తూ నిలబడింది.

మార్చి 17, సోమవారం. ఎనిమిదో రోజు

చెంచాతో తినడం, 3. తాళం తిప్పాడు. లైటు వేశాడు, ఆర్పాడు, వేశాడు, ఆర్పాడు. పిల్లాడిలా నవ్వాడు.

ఇవాళ ప్రార్థనలో ఏమీ అడగలేదు. కృతజ్ఞత చెప్పి లేచాను.

మార్చి 18, మంగళవారం. మధ్యాహ్నం మూడు

ఉదయం గ్లాసు ఎత్తాడు. భుజం దాకా లేచింది చెయ్యి. నేను చప్పట్లు కొట్టాను. అదే సమయానికి మరదలు వాడి పక్కనుంచి వెళుతోంది. గ్లాసు లేవగానే ఒక అడుగు వెనక్కి వేసింది. తల పక్కకు తిప్పి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతా ఒక్క క్షణం. తర్వాత ఏమీ లేనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు నీళ్ళు తాగుతున్నాడంతే.

భోజనాలయ్యాక నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు. తలుపు దగ్గరగా వేసి నేల మీద కూర్చుంది. ఎంతవరకు తెస్తారు వదినా అంది. అర్థం కాలేదు. చెంచాదాకా చాలదా, గ్లాసుదాకా అయితే కూడా సరే, ఇక అక్కడితో ఆపేయండి, భుజం పైకి లేవనివ్వకండి అంది.

తొడుగు తీసింది జాలితో కాదు. వాడు ఆకలితో ఉంటే ఆమె బాధపడింది లేదు. తినిపిస్తే చెయ్యి పనిచేయదు, శాలువాలో ఉంటే చెయ్యి లేవదు. ఫిజియో అమ్మాయి చెప్పినదంతా నాకంటే బాగా విన్నది ఆమే.

ఏడు నెలలుగా నిద్రపోతున్నాను వదినా, ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు అంది. కడుగుతాను, ఎత్తుతాను, ఎన్నేళ్ళయినా నోట్లో పెడతాను, నా చేతి కోసం ఆయన నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలియదు అంది. ఎడమ చెయ్యి బాగానే ఉందిగా అన్నాను. దానికి నవ్వింది. ఒకసారి ఎత్తాడట. ఆమె పక్కకు జరిగిందట. తూలి మంచం మీంచి వాడే కింద పడ్డాడట. పొయ్యి మీద పాలు పొంగేలా ఉన్నాయని ముందు అవి దించి, చల్లార్చి, గిన్నె కడుక్కుని వచ్చి అప్పుడు లేపిందట.

నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అలవాటు. పన్ను విరిగినప్పటిది.

ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగను. నాకు తెలుసు. ఇవాళ తెలిసింది కాదు. వాళ్ళ గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడ. అటునుంచి చప్పుడు వచ్చినప్పుడల్లా నేను ప్రార్థన పైకి చదువుకునేదాన్ని. చప్పుడు పెరిగితే గొంతు పెంచేదాన్ని. క్యాజువాలిటీ నుంచి ఆమె కేస్ షీట్లు నాలుగు నా బల్ల మీదికే వచ్చాయి. బాత్రూంలో జారి. తలుపు తగిలి. మెట్ల మీద. మళ్ళీ బాత్రూంలో జారి. నాలుగింటికీ నంబరు వేసి అరలో పెట్టింది నేను. మా ఇంట్లో మెట్లు లేవు. ఆ షీటును ఆ నంబరు దగ్గరే పెట్టాను, వరస తప్పకుండా. కాగితం మీద ఉన్నదాన్నే మేము లెక్కలోకి తీసుకుంటాం.

మనిషి మారి ఉంటాడమ్మా, ఇంత జబ్బు చేశాక ఎవరైనా మారతారు అన్నాను.

అది ఏ ట్రయల్‌లో తేలింది వదినా అంది.

మార్చి 18, సాయంత్రం

ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశాను. మధ్యలో ఆపేయవచ్చా అని అడిగాను. ఎప్పుడైనా ఆపేయవచ్చు, కారణం కూడా చెప్పనక్కరలేదు, కానీ చెయ్యి ఉన్నచోటే ఉండిపోతుందేమో అంది. తర్వాత కాస్త బతిమాలుతున్నట్టు, అన్ని ఇళ్ళలోకీ మీ రికార్డే శుభ్రంగా ఉంది ఆంటీ, ఒక్క గడి ఖాళీ లేదు, ఇది పోతే నాకు చాలా కష్టం అంది.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని ఇక్కడ రాస్తున్నాను, ఇంకెక్కడా చెప్పలేను కనుక.

మార్చి 19, బుధవారం

తెల్లవారుజామునే లేచి చాలాసేపు ప్రార్థనలో కూర్చున్నాను. జవాబు రాలేదు. ఏడున్నర అయింది. తొడుగు వేశాను. పన్నెండు కుట్లు.

మరదలు చూసి పొయ్యి వైపు తిరిగింది.

మార్చి 21, శుక్రవారం

దువ్వుకోవడం 4. సొరుగు 4. అరచెయ్యి పూర్తిగా తెరుచుకుంటోంది. ఐదు వేళ్ళూ చాపి బల్లకు ఆనించగలుగుతున్నాడు. ఇది చాలామందిలో రాదట.

మార్చి 23, ఆదివారం. ఆఖరి రోజు

మరదలు ఉదయం నుంచి ఇల్లు సర్దుతోంది. గాజు జగ్గు, ఇస్త్రీపెట్టె, బరువైన పళ్ళేలు పై అరలోకి వెళ్ళాయి. బెల్టులన్నీ చుట్టి ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక్కి తోసింది. స్టూలు మీంచి దిగి చేతులు దులుపుకుంది. ఏమిటమ్మా ఈ సర్దుడు అని అడగలేదు నేను.

తమ్ముడు గిన్నె అడుగుదాకా తిన్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు.

మార్చి 24, సోమవారం

క్లినిక్‌లో పరీక్ష. గ్లాసు, తాళం, పేకముక్కలు, మడత పెట్టిన తువ్వాలు. వీడియో తీశారు. సగటు అర మార్కు కూడా లేనివాడు మూడున్నర దాటాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఫిజియో అమ్మాయి నన్ను కౌగిలించుకుంది. మా ప్రొఫెసర్ మీ గురించి అడుగుతున్నారు ఆంటీ అంది.

ఇంట్లోవాళ్ళ మాట కూడా రికార్డు చేయాలని మరదలి ముందు ఫోన్ పెట్టారు. ఆమె ఫోన్ వంక కాకుండా నా వంక చూసి, అంతా మా వదిన చలవ అంది.

మార్చి 25, మంగళవారం. ఉదయం ఎనిమిదీ ఇరవై

ఉన్నదున్నట్టు రాస్తాను.

టీ వేడిగా ఉంది. మరదలు అలవాటు కొద్దీ గ్లాసు ఎడమ వైపు పెట్టింది. వాడు రెండో మాట అన్నాడు. ఆమె వంగి గ్లాసు కుడి వైపు జరపబోయింది. నేను అదే బల్ల దగ్గర కూర్చుని క్లినిక్‌కు పంపాల్సిన ఆఖరి ఫారమ్ నింపుతున్నాను.

ముందు భుజం లేచింది. తర్వాత మోచెయ్యి వెనక్కి వెళ్ళింది. మణికట్టు నిలబడింది. అరచెయ్యి తెరుచుకుంది, ఐదు వేళ్ళూ. పద్నాలుగు రోజులు నేను ఏ వరసలో చేయించానో అదే వరస. చప్పుడు మాత్రం నేను గోడ ఇవతలి నుంచి విన్నదే.

పన్ను ఊడి నేల మీద పడింది. దొర్లి నా కుర్చీ కాలి దగ్గర ఆగింది.

వాడు చెయ్యి వంక చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ముఖం విప్పారింది. అక్కా అన్నాడు. చెయ్యి నా ముందుకు చాచి, మళ్ళీ అక్కా అన్నాడు. చిన్నప్పుడు పలక మీద మొదటిసారి అక్షరం దిద్ది తెచ్చి చూపించాడే, అదే ముఖం.

మరదలు ఏడవలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. వాడి వంక చూడనే లేదు.

ఫారమ్ కింద స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను. 31. చాచి కొట్టడం. వేగం ఉంది, బలం ఉంది, గురి ఉంది. తడబాటు లేదు. 5.

తర్వాత ఇంకో కాపీ తీసి ముప్పై మాత్రమే రాసి, అది పంపాను.

మార్చి 26, బుధవారం

పట్టీ కుట్టిన సూది ఎక్కడ పెట్టారు వదినా అని అడిగింది మరదలు.

నేనే కుడతాను అన్నాను. ఎడమ చెయ్యి అందని చోట చూసుకుని కుట్టాను.

సెప్టెంబరు 24, బుధవారం

ఆరు నెలల ఫోన్ వచ్చింది. ఫిజియో అమ్మాయి ముప్పై పనులూ వరసగా చదివింది. ముప్పైసార్లు సున్నా అన్నాను. ఒక్క అబద్ధం లేదు. ఆమె గొంతు దిగిపోయింది. వాడకపోతే మెదడు మరిచిపోతుంది ఆంటీ, మీరు చేయగలిగిందంతా చేశారు, ఫలితం నిలవలేదన్నది కూడా ఎవిడెన్సే అంది.

కుడి చేతి తొడుగు మళ్ళీ అరిగింది. మరదలు మూడోది కుడుతోంది. పన్ను పెట్టించుకోలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది.

ముప్పై ఒకటోది ఆ అమ్మాయి అడగలేదు. అదీ సున్నానే.